మసి పట్టిన టోపీకి మర్యాద

ఆక్లాండ్ నగర కేంద్రానికి ఆగ్నేయంగా, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది ఫ్లాట్ బుష్. ఒకప్పుడు పశువులు మేసిన పచ్చిక నేల. అక్కడ సుమారు 40 వేల మంది ఉండేలా కొత్త పట్టణం కట్టాలని అప్పటి మానుకావ్ నగర పాలక మండలి తలపెట్టింది. 94 హెక్టార్ల బ్యారీ కర్టిస్ పార్కు చుట్టూ, ఆర్మిస్టన్ వైపు, ఏళ్ల తరబడి ఇళ్లు లేస్తూనే వచ్చాయి. భారతీయులు పెద్ద సంఖ్యలో స్థిరపడిన పేట అది, వారిలో తెలుగువారూ ఉన్నారు. ఇలా కడుతూ పెరిగే ఊళ్లో హెల్మెట్, మెరిసే చొక్కా అందరికీ అలవాటైన వేషం.

ఆ వేషంలో కూడా పాతకాపు ఎవరో, నిన్న చేరినవాడెవరో దూరం నుంచే తెలిసిపోతుంది. కొత్తవాడి హెల్మెట్ నిగనిగలాడుతుంది. పాతకాపు హెల్మెట్ వెలిసిపోయి ఉంటుంది. దాని నిండా గీతలు, పని చేసిన ప్రాజెక్టుల స్టిక్కర్లు, ఎప్పుడో తగిలిన దెబ్బ తాలూకు చిన్న సొట్ట. పదిమందిలో దానికే మర్యాద. చిక్కంతా ఇక్కడే ఉంది. గీతలు పడేకొద్దీ హెల్మెట్‌కు గౌరవం పెరుగుతుంది, తలను కాపాడే శక్తి మాత్రం తగ్గుతుంది. ప్రాణం కాపాడే వస్తువు జట్టు సంప్రదాయంగా మారిన ప్రతిచోటా ఈ పేచీ ఏదో రూపంలో ఎదురవుతుంది. కొన్ని జట్లు దాన్ని తెలివిగా దాటాయి, కొన్నింటికి చాలా ఆలస్యంగా తెలిసొచ్చింది.

రక్షణ సామగ్రి సంప్రదాయంగా మారడానికి ఆక్లాండ్‌లోనే చక్కటి ఉదాహరణ ఉంది. 1997లో తెరిచిన స్కై టవర్ ఎత్తు 328 మీటర్లు. ఏటా, సాధారణంగా మే నెలలో, న్యూజిలాండ్ నలుమూలల నుంచి వందలాది అగ్నిమాపక సిబ్బంది అక్కడ చేరి 51 అంతస్తులు, 1,103 మెట్లు ఎక్కుతారు. లిఫ్టు ఉండగా మెట్లెక్కడం విశేషమేమీ కాదు. మంటల్లోకి వెళ్లేటప్పుడు వేసుకునే మందపాటి కోటు, ప్యాంటు, బూట్లు, హెల్మెట్, వీపున గాలి సిలిండర్, అన్నీ కలిపి దాదాపు 25 కిలోల సరంజామాతో ఎక్కడం విశేషం. పోగైన విరాళాలు రక్త క్యాన్సర్ రోగుల కోసం పనిచేసే సంస్థకు వెళతాయి.

ఆ ఎక్కడంలో ఎంత కష్టం ఉందో ఉజ్జాయింపుగా లెక్కేయవచ్చు. ఒక్కో మెట్టు 17 సెంటీమీటర్లు అనుకుంటే మొత్తం 187 మీటర్ల ఎత్తు. మనిషి 80 కిలోలు, సామగ్రి 25. ఈ 105 కిలోలను అంత ఎత్తుకు చేర్చడానికి అయ్యే పని దాదాపు 192 కిలోజౌళ్లు, అంటే 46 కిలో క్యాలరీలు. రెండు అరటిపండ్లు తింటే నాలుగుసార్లు ఎక్కవచ్చు కదా అనిపిస్తుంది. కానీ కండరం అంత పొదుపరి యంత్రం కాదు. ఖర్చు చేసిన శక్తిలో ఐదో వంతో, నాలుగో వంతో మాత్రమే పనిగా మారుతుంది, మిగిలిందంతా వేడి. అంటే ఎక్కే ఆ కొద్ది నిమిషాల్లో శరీరంలో దాదాపు 140 నుంచి 185 కిలో క్యాలరీల వేడి పుడుతుంది. అది ఎటూ పోకుండా లోపలే నిలిచిపోతే 80 కిలోల ఒంటి ఉష్ణోగ్రత రెండు డిగ్రీలకు పైగా పెరగాలి. మామూలుగా ఆ వేడిని చెమట తీసుకుపోతుంది. ఇక్కడ ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. బయటి మంటల వేడి లోపలికి రాకుండా పొరలు పొరలుగా కుట్టిన కోటు, లోపలి వేడిని కూడా బయటికి పోనివ్వదు. కాపాడే గుణమూ అదే, ఉక్కిరిబిక్కిరి చేసే గుణమూ అదే.

బరువంతా దించేసి టీ షర్టుతో ఎక్కితే ఇదే మెట్ల పోటీకి ఇంత ప్రతిష్ఠ ఉండేది కాదు. కష్టమే దాని విలువ. ఈ సంగతిని మనస్తత్వ శాస్త్రం చాలాకాలం కిందటే పరీక్షించి చూసింది. 1959లో అమెరికాలో ఎలియట్ ఆరన్సన్, జడ్సన్ మిల్స్ అనే పరిశోధకులు ఒక చర్చా బృందంలో చేరదలచిన విద్యార్థినులకు ప్రవేశ పరీక్ష పెట్టారు. కొందరు మగ పరిశోధకుడి ఎదుట బూతు మాటలు పైకి చదవాలి, కొందరికి తేలికపాటి పరీక్ష, కొందరికి అసలే లేదు. ఆ తరువాత అందరికీ వినిపించిన చర్చ మాత్రం ఒక్కటే. అదీ కావాలని విసుగు పుట్టేలా తయారు చేసినది. సిగ్గుతో చచ్చిపోయి లోపలికి వచ్చినవారికే ఆ చర్చ ఎక్కువ ఆసక్తికరంగా తోచింది. ఇంత పడ్డాక అది పనికిమాలినదని ఒప్పుకోవడానికి మనసు రాదు మరి.

దీనికి మరో పార్శ్వం మారిషస్‌లో కనిపించింది. తైపూసం నాడు ఒంటికి శూలాలు గుచ్చుకుని కావడి మోసే తమిళ భక్తుల మీద దిమిత్రిస్ జైగలాటాస్ బృందం చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. మామూలు సామూహిక ప్రార్థన ముగించినవారి కంటే కావడి మోసినవారు ఎక్కువ దానం చేశారు. శూలాలేవీ గుచ్చుకోకుండా వెంట నడిచినవారు కూడా అలాగే ధారాళంగా ఇచ్చారు. అంతకు రెండేళ్ల ముందు స్పెయిన్‌లోని సాన్ పెద్రో మాన్రికే అనే ఊళ్లో నిప్పుల మీద నడిచేవారి గుండె లయను కొలిచిన అధ్యయనం వచ్చింది. నడిచేవారి గుండె, చూస్తున్న బంధుమిత్రుల గుండె ఒకే తీరున ఎగసిపడ్డాయి. చూడటానికి వచ్చిన అపరిచితుల గుండెలో ఆ పోలిక లేదు. కష్టం ఒకరు పడినా బంధం చుట్టూ ఉన్నవారికీ పాకుతుందన్నమాట. ఆ కష్టానికి గుర్తుగా కంటికి కనిపించే వస్తువు ఒకటి ఉంటే, బంధమంతా దానికే చుట్టుకుంటుంది. అగ్నిమాపక దళంలో ఆ వస్తువు హెల్మెట్. దాని ముచ్చట మళ్లీ చెప్పుకుందాం.

ప్రాణం కాపాడిన వస్తువు పేరు మీద సంఘమే పుట్టిన సందర్భాలు ఇరవయ్యో శతాబ్దంలో కొన్ని ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1933లో మొదలైన గోల్డెన్ గేట్ వంతెన పనిలో చీఫ్ ఇంజినీరు జోసెఫ్ స్ట్రాస్ కార్మికులందరూ గట్టి టోపీ పెట్టుకోవాల్సిందేనని పట్టుబట్టాడు. ఆ టోపీలు సరఫరా చేసిన బుల్లార్డ్ కంపెనీ 1919లోనే ఆవిరి పట్టిన కాన్వాసు, జిగురు, నల్ల రంగుతో మొదటి గట్టి టోపీని తయారు చేసింది. స్ట్రాస్ అంతటితో ఆగక వంతెన కింద పొడవునా వల కట్టించాడు. లక్షా 30 వేల డాలర్లు పోసి కట్టించిన ఆ వలలో పడి 19 మంది బతికారు. బతికినవారు తమకు తామే ‘నరకానికి సగం దారి క్లబ్బు’ అని పేరు పెట్టుకున్నారు. కొండంత భయాన్ని కొంటెతనంతో దిగమింగడం ప్రమాదకరమైన పనుల్లో ఉన్నవారికి ఎక్కడైనా అలవాటే. 1937 ఫిబ్రవరి 17న ఒక బరువైన పరంజా తెగి వలను చించుకుంటూ పడిపోయింది. పదిమంది చనిపోయారు. ఏ రక్షణకైనా ఒక హద్దు ఉంటుందని ఆ వల కూడా చెప్పింది.

విమానాల వాళ్లది మరో తరహా. 1922 అక్టోబరులో ఒహాయోలోని డేటన్ మీద విమానం విరిగిపోతుంటే అమెరికా సైనిక పైలట్ హెరాల్డ్ హారిస్ పారాచూట్‌తో దూకి బయటపడ్డాడు. అలా బతికినవారి కోసం క్యాటర్‌పిల్లర్ క్లబ్బు పుట్టింది. పారాచూట్ తయారీదారు లెస్లీ ఇర్విన్ ఒక్కొక్కరికీ చిన్న బంగారు పురుగు బొమ్మ పిన్ను ఇచ్చేవాడు. అప్పట్లో పారాచూట్లు పట్టువి. పోచంపల్లి, ధర్మవరం ఎరిగిన పాఠకులకు ఆ పురుగు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. అట్లాంటిక్ దాటిన లిండ్‌బర్గ్ కూడా ఆ క్లబ్బు సభ్యుడే. 1942లో బ్రిటన్‌లో గోల్డ్‌ఫిష్ క్లబ్బు వచ్చింది. సముద్రంలో కూలిన విమానం నుంచి రబ్బరు పడవ సాయంతో ఒడ్డు చేరినవారికి అందులో చోటు. యుద్ధకాలపు కరువు వల్ల లోహపు బిళ్లలు కాకుండా గుడ్డ మీద కుట్టిన చేప బొమ్మలు పంచారు. 1957లో ఎజెక్షన్ సీటు తయారుచేసే మార్టిన్ బేకర్ కంపెనీ, తమ సీటుతో ప్రాణం దక్కినవారికి ప్రత్యేకమైన టై ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ టైకి అర్హులైనవారు ఆరు వేలు దాటారు. హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ అకాడమీలో వాయుసేన క్యాడెట్లు నేర్చుకునే పిలాటస్ విమానాల్లో ఉన్నవీ ఈ కంపెనీ సీట్లే. ఆ టై డబ్బుతో దొరకదు. దాన్ని సంపాదించాలని ఏ పైలటూ కోరుకోడు కూడా.

ఈ క్లబ్బులు చేసిన తెలివైన పని ఒకటుంది. వాళ్లు నెత్తిన పెట్టుకున్నది వాడిన పారాచూట్‌ను కాదు, వాడేసిన సీటును కాదు. పిన్ను, గుడ్డ బిళ్ల, టై. జ్ఞాపకం ఒక వస్తువులో, రక్షణ మరో వస్తువులో. అందుకే గౌరవం ఎంత పాతబడినా ఎవరి ప్రాణం మీదికీ రాలేదు.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం లక్రాస్ జట్టులో ఇదే పని ఒక ఎర్ర హెల్మెట్ చేస్తోంది. లక్రాస్ ఆటలో చివర వల ఉన్న కర్రతో గట్టి రబ్బరు బంతిని విసురుతారు. భవన నిర్మాణంలో వాడే గట్టి టోపీకీ ఆ ఆటకూ సంబంధమే లేదు. అయినా గొప్పలు చెప్పుకోకుండా కష్టపడే కొత్త ఆటగాడిని ఎంచి, ఆ టోపీని భద్రంగా మోసుకొచ్చే పని అతడికి అప్పగించడం వాళ్ల ఆచారం. అలా మోసినవారిలో జార్జ్ బోయార్డీ ఒకడు. 2004 మార్చి 17న, జట్టు నాయకుల్లో ఒకడిగా ఉన్న 22 ఏళ్ల బోయార్డీ, ప్రత్యర్థి విసిరిన బంతికి అడ్డుపడ్డాడు. బంతి ఛాతీకి తగిలింది. అక్కడే కుప్పకూలి మరణించాడు. ఆ తరువాత అతడి 21వ నంబరు చొక్కాను ఎవరికీ ఇవ్వలేదు. ఎర్ర టోపీకి మాత్రం అంతకుముందు లేని బరువు వచ్చింది.

ఛాతీ మీద దెబ్బతో గుండె ఆగిపోయే ఇలాంటి మరణాలకు వైద్యులు చెప్పే ముఖ్య కారణం కొమోషియో కార్డిస్. ఎముక విరగదు, గుండెకు గాయం కనిపించదు. గుండె ఒక్కో స్పందన తరువాత విద్యుత్తుపరంగా తిరిగి సిద్ధమయ్యే క్రమంలో సెకనులో యాభయ్యో వంతు పాటు ఒక బలహీన ఘడియ ఉంటుంది. సరిగ్గా అప్పుడే గుండెకు సూటిగా దెబ్బ తగిలితే లయ తప్పి, కొట్టుకోవడానికి బదులు వణకడం మొదలవుతుంది. మార్క్ లింక్, బ్యారీ మారన్ తదితరులు 1998లో పందుల మీద చేసిన ప్రయోగాల్లో ఈ ఘడియను పట్టుకున్నారు. వెంటనే డీఫిబ్రిలేటర్ షాకు ఇస్తే బతికించే వీలుంది. మామూలు ఛాతీ కవచాలు ఈ దెబ్బను ఆపలేవని తేలడంతో అమెరికాలో కొత్త ప్రమాణం తయారైంది. దానికి సరితూగే కవచాన్ని 2021లో లక్రాస్ గోల్‌కీపర్లకు, 2022లో పురుషుల ఆటలో మిగతా ఆటగాళ్లకు తప్పనిసరి చేశారు. తలకు పెట్టుకోని టోపీ సంప్రదాయంగా నిలిచింది. ఛాతీకి కావలసిన కవచం రావడానికి మరో పదిహేడేళ్లు పట్టింది.

పనిముట్టుకు మర్యాద చేయడం తెలుగువారికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆయుధపూజ నాడు బస్సు డిపోల్లో, వర్క్‌షాపుల్లో స్టీరింగుకు, లేతు మిషనుకు, స్పానర్ల పెట్టెకు పసుపు కుంకుమ పెడతారు. 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైన సింగరేణి ప్రాంతంలో దసరా అంటే మరీ పెద్ద పండుగ. బాయిలోకి దిగే కార్మికుడికి టోపీ, దానికి బిగించిన క్యాప్‌ల్యాంపు రెండూ ఒంట్లో భాగాల వంటివే. ఇక్కడ గమనించదగ్గ సంగతి, పూజ అయిన మర్నాడు ఆ పనిముట్టు మళ్లీ పనిలోకి వెళుతుంది. అరిగిపోతే కొత్తది వస్తుంది, వచ్చే దసరాకు కుంకుమ దానికి. గౌరవం ఫలానా స్పానరుకు కట్టుబడి ఉండదు.

గని దీపం కథ మరో రకంగా నడిచింది. 1812లో ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో పేలుడుకు 92 మంది బలయ్యాక, 1815లో హంఫ్రీ డేవీ దీపం చుట్టూ సన్నని లోహపు జాలీ అమర్చాడు. జాలీ తీగలు మంట వేడిని లాగేసుకోవడంతో బయట ఉన్న మీథేన్ అంటుకునేంత వేడి దాన్ని దాటి పోదు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుడుకు సిద్ధంగా ఉన్నట్టు లెక్క. ఆ వాయువు చేరినప్పుడు దీపం మంట చుట్టూ నీలిరంగు వలయం కనిపించి హెచ్చరించేది కూడా. అయినా చావులు అనుకున్నంతగా తగ్గలేదు. వాయువు ఎక్కువని వదిలేసిన పొరల్లోకి, చేతిలో దీపం ఉందన్న ధీమాతో యజమానులు మనుషుల్ని మళ్లీ దించారు. రక్షణ పెరిగితే సాహసమూ పెరుగుతుందన్న వాదానికి ఇది మొదటి తరం సాక్ష్యం. సండర్లండ్‌లో 1993లో మూతపడిన వేర్‌మౌత్ గని స్థలంలోనే 1997లో ఫుట్‌బాల్ క్లబ్బు స్టేడియం కట్టుకుని, ముందు డేవీ దీపం కట్టడాన్ని నిలబెట్టింది. గని పోయింది, దీపం జట్టుది అయింది.

ఇక అగ్నిమాపక హెల్మెట్. న్యూయార్కులో 1830ల్లో హెన్రీ గ్రాటకాప్ రూపొందించిన తోలు హెల్మెట్ పోలికలు అమెరికా దళాల్లో ఇప్పటికీ పోలేదు. తేలికైన, కొత్త పదార్థాల హెల్మెట్లు వచ్చినా తోలుదే కావాలనేవారు అక్కడ కొల్లలు. న్యూజిలాండ్‌లో అంత పాతవాసన లేదు. ఫాంగనుయి పట్టణంలోని పసిఫిక్ హెల్మెట్స్ తయారుచేసే ఆధునిక హెల్మెట్లు విదేశాలకూ వెళతాయి. కానీ దేశమేదైనా మసి పట్టిన హెల్మెట్ మీద మోజు ఒక్కటే. మాడి, నల్లబడి, అంచులు వంకర తిరిగిన హెల్మెట్ చూస్తే వీడు చాలా మంటలు చూశాడు అని అర్థం. కొత్తగా చేరినవాడు తన హెల్మెట్ ఎప్పుడు అలా అవుతుందా అని ఎదురుచూసేవాడు.

ఆ మసి ఏమిటో రసాయన శాస్త్రం చెప్పింది. ప్లాస్టిక్, రంగులు, సోఫాల ఫోము సగం సగం కాలినప్పుడు పుట్టే పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు అందులో ఉంటాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. కోటు మీద, హెల్మెట్ లోపలి పట్టీల మీద పేరుకున్న మసి మెడ, నుదురు చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది. చెమట పట్టి వేడెక్కిన చర్మం దానికి మరింత తేలిగ్గా దారి ఇస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో అగ్నిమాపక వృత్తినే మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటిలో మొదటి వర్గంలో చేర్చింది. స్కై టవర్ మెట్లెక్కేవారు రక్త క్యాన్సర్ రోగుల కోసం విరాళాలు పోగు చేస్తున్నారన్న సంగతి ఈ వెలుగులో వేరుగా కనిపిస్తుంది. మంట ఆర్పిన వెంటనే సామగ్రి కడగడం, మురికి కోటును ఫైరింజన్ క్యాబిన్‌లోకి తేకపోవడం ఇప్పుడు అనేక దళాల్లో నియమం. నియమం రాయడం తేలిక. నల్ల హెల్మెట్ అంటే గొప్ప అనుకునే అలవాటును కడగడమే కష్టం.

ఫ్లాట్ బుష్ పాతకాపు హెల్మెట్‌కు మసి బెడద లేదు, దాని శత్రువు ఎండ. న్యూజిలాండ్ వేసవి అతినీలలోహిత కిరణాలు, ఉత్తరార్ధగోళంలో అదే అక్షాంశం దగ్గర కంటే దాదాపు 40 శాతం ఎక్కువ. జనవరిలో భూమి సూర్యుడికి దగ్గరగా రావడం, ఓజోన్ పలచగా ఉండటం, గాలిలో మలినం తక్కువ కావడం అందుకు కారణాలు. మామూలు హెల్మెట్ల పాలిథిన్ గొలుసులను ఆ కిరణాలు కొద్దికొద్దిగా తెంచుతాయి. రంగు వెలవడం దాని పైకి కనిపించే లక్షణం, పెళుసుదనం కనిపించనిది.

పెళుసైతే ఏమవుతుందో లెక్క చూడండి. ఐరోపా ప్రమాణం ప్రకారం ఐదు కిలోల దిమ్మను మీటరు ఎత్తు నుంచి హెల్మెట్ మీద వేస్తారు. తలకు చేరే బలం 5 కిలోన్యూటన్లు దాటకూడదు. ఆ దిమ్మ 49 జౌళ్ల శక్తితో దిగుతుంది. దాన్ని రెండు మిల్లీమీటర్లలో ఆపాల్సి వస్తే సగటు బలం 24 కిలోన్యూటన్లు దాటుతుంది. మూడు సెంటీమీటర్లలో ఆపితే 1.6 చాలు. క్రికెట్లో క్యాచ్ పట్టేవాడు చేతుల్ని వెనక్కి లాక్కునే ఉపాయమే ఇదీ. హెల్మెట్ పైడొప్ప దెబ్బను పరుస్తుంది, లోపలి పట్టీలు సాగి ఆ మూడు సెంటీమీటర్లు ఇస్తాయి. డొప్ప చిట్లితే, పట్టీలు చెమటకు చివికి తెగితే, ఆ దూరం ఉండదు. ఒక్క గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను పైకి బాగానే కనిపించినా వాడకూడదని తయారీదారులు చెప్పేది అందుకే. పాతకాపు ముచ్చటపడి చూపించే ఆ సొట్ట నిజానికి రాజీనామా పత్రం.

హెల్మెట్ అంచు లోపలి వైపు చూస్తే చిన్న గడియారం బొమ్మలాంటి ముద్ర ఉంటుంది. అందులో బాణం చూపే అంకె తయారైన నెల, మధ్యలో ఏడాది. చాలా కంపెనీలు లోపలి పట్టీలను ఏడాది, రెండేళ్లకోసారి, డొప్పను వాడకం మొదలైన ఐదేళ్లలోపు మార్చమంటాయి. డొప్పను రెండు చేతులతో పక్కల నుంచి నొక్కి వదిలితే వెంటనే మునుపటి ఆకారానికి రావాలి. కిర్రుమన్నా, సన్నని చీలికలు కనిపించినా, తెల్లని పొడి చేతికి అంటినా అది పనికిరాదు. స్టిక్కర్లు ఆ చీలికల్ని కప్పేస్తాయి, కొన్ని జిగుర్లూ రంగులూ ప్లాస్టిక్‌ను తినేస్తాయి. కాబట్టి వాటిని అతికించే ముందు తయారీదారు ఏమన్నాడో చూడాలి. పాత హెల్మెట్‌ను సైటు ఆఫీసు గోడకు తగిలించాలనుకుంటే ముందుగా లోపలి పట్టీలు ఊడదీయడం మంచిది, హడావుడిలో ఎవరూ దాన్ని తీసి తలకు పెట్టుకోకుండా.